పైపూత కింద సంగతి: ఒక పాత సెలికా నేర్పిన పాఠం

విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు "పనికొచ్చే వ్యాసం ఏదైనా" రాయమన్నారు. ముప్ఫై ఏళ్ల నుంచి తరగతిలో పదార్థాల బలం గురించి పాఠం చెబుతున్నవాణ్ణి. వచ్చే ఏడాది పదవీ విరమణ. ఇన్నాళ్లూ బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ ఒకేచోట, ఒకే వస్తువులో, నిజంగా కనబడ్డ సందర్భం ఒక్కటే ఉంది. మొయినాబాదు నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో, ఒక మామిడితోట రేకుల షెడ్డులో, పాతికేళ్లు కదలకుండా నిలబడ్డ మా మేనమామ కారు. దాన్ని గురించే రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని దాచిపెట్టి పాఠం చెబితే పాఠం సగమే అవుతుంది గనుక, అదీ రాస్తాను.

కారు కథ

మా మామ డాక్టరు. 1972లో ఇంగ్లండు వెళ్లి అక్కడి ఉత్తరాది ఊళ్లో ఒక ఆసుపత్రిలో పనిచేశాడు. 1974లో కొత్త టొయోటా సెలికా కొన్నాడు. రెండు తలుపులు, పొడవాటి ముక్కు, కురచ తోక. జపాను వాళ్ల మాటల్లో "కూపే". 1979లో తిరిగొస్తూ ఓడలో బొంబాయికి తెచ్చాడు. ఇంగ్లండులోనూ స్టీరింగు కుడివైపే గనుక మన రోడ్డుకు సరిపోయింది. అంబాసిడర్లు, ఫియట్లు తప్ప వేరే కారు కనపడని ఆ రోజుల్లో అది మా బస్తీలోకి వస్తే పిల్లలం వెంటపడి పరుగెత్తేవాళ్లం.

సెలికా అన్న పేరు లాటిన్ మాట నుంచి వచ్చింది. ఆకాశానికి చెందినది అని అర్థం. టొయోటా కంపెనీ దాన్ని 1970 డిసెంబరులో విడుదల చేసింది. అమెరికాలో 1964లో వచ్చిన ఫోర్డు మస్టాంగు యువకుల్ని ఎట్లా ఆకట్టుకుందో చూసి, మామూలు కారు భాగాల మీదే అందమైన ఒళ్లు కట్టి, మధ్యతరగతికి అందుబాటు ధరలో అమ్మాలన్నది ఆలోచన. జపానులో ఇంజను, గేరుబాక్సు, లోపలి అలంకరణ దేనికది కొనేవాడే ఎంచుకునే పద్ధతి పెట్టారు. మొదటి తరం సెలికా 1977 దాకా తయారైంది. మా మామ కారులో ఉన్నది 1588 సి.సి. నాలుగు సిలిండర్ల 2టీ జాతి ఇంజను. కింద పోత ఇనుప దిమ్మె, పైన అల్యూమినియం తల. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు.

మన దగ్గర జపాను వాహనం సామాన్యుడి చేతికి వచ్చింది 1983 డిసెంబరులో మారుతీ 800తో. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారవడం మొదలైంది. చేవెళ్ల, వికారాబాదు, జహీరాబాదు వైపు మెకానిక్కులు మిల్లీమీటరు పానాలు కొనడంలో ఆ బళ్ల పుణ్యం కూడా ఉంది. అంతకుముందు కొందరి దగ్గర అంగుళాల పానాలే. ఇది చిన్న సంగతి కాదు. 12 మి.మీ. బోల్టుకు అర అంగుళం పానా పెడితే అది 12.7 మి.మీ. అవుతుంది. ఆ 0.7 మి.మీ. సందు చాలు, బోల్టు మూలలు అరిగి గుండ్రబడడానికి. మా మామ కారులో అట్లా గుండ్రబడ్డ బోల్టులు ఇరవై మూడు లెక్కపెట్టాం. ఒక్కొక్కటీ ఆ పానాలతో కుస్తీ పట్టిన ఒక ఉస్తాదు గుర్తు.

నా తప్పు

1996లో మామ కూతురు పెళ్లి. పెళ్లికొడుకును సెలికాలో ఊరేగించాలని మామ ముచ్చట. అప్పటికి కారు రంగు వెలిసింది, తలుపు కింది అంచుల్లో తుప్పు పొక్కులు లేచాయి. నేను అప్పుడే కొత్తగా లెక్చరర్నయ్యాను. "అల్లుడూ, ఇంజినీరువు నువ్వున్నవ్ గద, దగ్గరుండి చేయించు" అన్నాడు మామ. ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. పది రోజుల్లో కారు ఎర్రగా అద్దంలా మెరుస్తూ వచ్చింది. ఇంటిముందు ఆపితే మామ చుట్టూ తిరిగి చూసి, "లోపల కూడ మంచిగ చేసిండ్రా? చూసినవా?" అని అడిగాడు.

"చూసిన మామా" అన్నాను.

చూడలేదు. రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ బయట బెంచీ మీద కూర్చుని టీ తాగి వచ్చాను. అంతే నా పర్యవేక్షణ.

పెళ్లి బాగా జరిగింది. మూడు వానాకాలాలు గడిచేసరికి ఎర్ర రంగు కింద మళ్లీ పొక్కులు. ఈసారి పెద్దవి. మామ ఒక్క మాట అనలేదు. తోటలో షెడ్డు వేయించి అందులో నిలిపాడు. మామ పోయి ఆరేళ్లయింది. కిందటేడు వేసవిలో అత్తమ్మ ఫోను చేసింది. "షెడ్డు పీకేద్దామంటున్నరు బిడ్డా. కారును పాత ఇనుప సామానోడు అడుగుతున్నడు. ఇద్దునా, వద్దా? నువ్వొచ్చి చూసి చెప్పు" అంది. ఈసారి నిజంగా చూడాలనుకున్నాను. ఆరుగురు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

ముందు కాగితం, తర్వాత పానా

షెడ్డులోకి అడుగు పెట్టగానే ఒక కుర్రవాడు బానెటు ఎత్తి, "సార్, బ్యాటరీ పెట్టి కొట్టి చూద్దామా?" అన్నాడు. పాత కారు దగ్గర అందరికీ పుట్టే మొదటి బుద్ధి అదే. అదే మొదటి ప్రమాదం కూడా. పాతికేళ్లు కదలని ఇంజనులో పిస్టను రింగులు సిలిండరు గోడకు అతుక్కుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగు విరుగుతుంది, గోడ గీసుకుపోతుంది.

మొదటి రోజు మేము చేసినవి మూడే పనులు. ఒకటి, ఫోటోలు. ప్రతి మూల, ప్రతి తీగ, ప్రతి గొట్టం. విప్పిన నాలుగు నెలలకు బిగించేటప్పుడు మన జ్ఞాపకం అక్కరకు రాదు, ఫోటో వస్తుంది. రెండు, ఇంజను గదిలో ఉన్న లోహపు పలక చదవడం. మోడలు సంకేతం, ఛాసిస్ నంబరు, ఇంజను జాతి, అసలు రంగు సంకేతం, గేరుబాక్సు రకం అన్నీ దాని మీదే ఉంటాయి. కొనేవాడు ఎంచుకున్నట్టు తయారయ్యే కారు గనుక మరో సెలికాకు ఉన్నది దీనికి ఉండాలని లేదు. పలక చదవకుండా సామాను కొనడం, కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించడం లాంటిది. మూడు, ఆర్.సి. పుస్తకంలోని నంబర్లను పలక మీది నంబర్లతో పోల్చడం. సరిపోయాయి. సరిపోకపోతే అక్కడే ఆగిపోయి ఉండేవాళ్లం.

కాగితాల సంగతి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో పాతకాలపు వాహనాలకు వేరే అధ్యాయం చేర్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు నిండిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు, బయటి దేశం నుంచి వచ్చినవి సహా, దాని కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరు పలక మీద "వీఏ" అన్న అక్షరాలు. రోజువారీ ప్రయాణాలకు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకెళ్లవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. ఛాసిస్, ఒంటి గూడు, ఇంజనుల్లో మార్పులు చేసి ఉండకూడదు. 1974 కారు కాబట్టి మా సెలికాకు ఏళ్లు నిండాయి. ఎనభైల్లో, తొంభైల్లో పెట్రోలు ఖర్చుకు భయపడి పెద్ద కార్లకు డీజిలు ఇంజను వేయించుకున్నవాళ్లున్నారు. మామకూ ఆ సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆయన వినలేదు. ఆ మొండితనమే ఇప్పుడు కారును కాపాడింది.

ఇంజను: నాలుగు అంకెలు చెప్పిన కథ

స్పార్కు ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో కొంచెం పల్చని నూనె పోసి నాలుగు రోజులు వదిలేశాం. అయిదో రోజు క్రాంకు బోల్టుకు పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పితే తిరిగింది. ఆ తర్వాతే బ్యాటరీ పెట్టాం, అదీ కుదింపు పరీక్షకు మాత్రమే.

చదరపు అంగుళానికి పౌన్లలో మాకొచ్చిన అంకెలు వరసగా 140, 138, 95, 142. ఇక్కడ విద్యార్థులు గమనించాల్సిందేమంటే, అంకె ఎంత పెద్దదన్నది కాదు, అంకెల మధ్య తేడా ముఖ్యం. నాలుగూ 130 ఉంటే ఇంజను ముసలిదైనా ఆరోగ్యంగానే ఉన్నట్టు. మూడో సిలిండరు ఒక్కటే 95 అంటే అక్కడ గాలి తప్పించుకుపోతోంది. ఎటు? పైనున్న వాల్వుల గుండానా, కిందనున్న రింగుల గుండానా? ఆ సిలిండరులో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలిచాం. 128 వచ్చింది. ఆయిలు రింగుల చుట్టూ చేరి సందు మూసింది కాబట్టి అంకె పెరిగింది. లోపం వాల్వుల్లో ఉంటే పెరిగేది కాదు. ఇంజను విప్పకుండానే జబ్బు ఎక్కడుందో తెలిసింది. మామ స్టెతస్కోపుతో చేసేది కూడా ఇదే కదా అనిపించింది.

ఇంకో రెండు సంగతులు. ఇనుప దిమ్మె మీద అల్యూమినియం తల ఉన్న ఇంజనులో రేడియేటరులో బోరు నీళ్లు పోసి తిప్పితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం తరిగిపోతుంది. అందుకే తుప్పును ఆపే కూలెంటు తప్పనిసరి. రెండోది, పెట్రోలు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. 2023లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చి, 2025 నాటికి దేశమంతటికీ వ్యాపించింది. 1974 నాటి రబ్బరు గొట్టాలు, కార్బురేటరు వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునేవి కావు. ఉబ్బుతాయి, పగులుతాయి, వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. కాబట్టి పాత కారులో ఇంధనపు రబ్బరంతా మార్చాకే పెట్రోలు పోయాలి.

పైన పటారం, లోన లొటారం

ఇక ఒంటి సంగతి. ఇక్కడికే రావాలని ఇంతసేపూ రాశాను.

జీపుకు, లారీకి కింద నిచ్చెనలాంటి చట్రం ఉంటుంది. పైనున్న రేకు ఊడిపోయినా బండి నిలబడుతుంది. సెలికాకు వేరే చట్రం లేదు. రేకులన్నీ కలిసి పెట్టెలాగా ఏర్పడి బరువు మోస్తాయి. తలుపుల కింద, రెండు చక్రాల మధ్య పొడవుగా ఉండే గుల్ల దూలాన్ని సిల్లు అంటారు. ఈ కారులో తలుపుల వెనక పైకప్పు దాకా వెళ్లే స్తంభం లేదు. అద్దాలన్నీ దించితే పక్క అంతా ఖాళీగా కనబడి అందంగా ఉంటుంది. ఆ అందానికి మూల్యం చెల్లించేది సిల్లు. బరువంతా దాని మీదే.

ఒక విద్యార్థిని అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి సిల్లు పొడవునా జరుపుకుంటూ వెళ్లింది. ముందు జానెడు దూరం అంటుకుంది. ఆ తర్వాత రెండడుగుల మేర జారిపోయింది. "సార్, ఇక్కడ ఇనుము లేదు" అంది. ఉలితో మెల్లగా తడితే ఎర్ర రంగు, దాని కింద బూడిదరంగు లప్పం పెచ్చులుగా ఊడింది. కొలిస్తే లప్పం మందం 9 మి.మీ. అసలు రేకు మందం 0.8 మి.మీ. మాత్రమే. లప్పం కింద రేకు లేదు. ఆ ఖాళీలో కుక్కిన కాగితపు ఉండలు ఉన్నాయి.

ఒక ఉండను జాగ్రత్తగా విప్పాం. తెలుగు దినపత్రిక. తేదీ కనబడింది. 1996, పెళ్లికి తొమ్మిది రోజుల ముందుది.

పిల్లలు నవ్వారు. ఎవరో పాత పేపరు చదవసాగారు. నేను షెడ్డు బయటికొచ్చి కాసేపు నిలబడ్డాను. ఆ షెడ్డువాళ్లు చేసింది తప్పే. కాని నేను ఒక్కసారి బెంచీ మీంచి లేచి లోపలికి వెళ్లి ఉంటే ఆ ఉండలు కనబడి ఉండేవి. చూడకుండానే "చూసిన మామా" అన్నాను. తిరిగొచ్చి ఆ సంగతి వాళ్లకు చెప్పాను. నవ్వు ఆగింది. అయస్కాంతం పట్టుకున్న అమ్మాయి, "మరి మామయ్యగారికి చెప్పారా సార్?" అని అడిగింది. లేదన్నాను.

తుప్పు ఎట్లా పడుతుందంటే

తుప్పు పట్టడానికి ఇనుముతోపాటు నీరు, గాలి రెండూ కావాలి. ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. పక్కనే ఇంకోచోట నీరు, ఆక్సిజను ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటాయి. ఉప్పు కలిస్తే నీటిలో విద్యుత్తు సులభంగా పారుతుంది, పని వేగం పెరుగుతుంది. ఇంగ్లండులో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మా కారుకు రోగం అక్కడే అంటింది, ఓడ ప్రయాణంలో సముద్రపు గాలి తోడైంది. పుట్టిన తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు పొక్కులా లేస్తుంది. పొక్కు కనబడిందంటే జబ్బు మొదలైందని కాదు, చాలా ముదిరిందని అర్థం. దాని మీద లప్పం పెడితే తుప్పు ఆగదు. కింద కాగితం కుక్కితే అది వానకు నీరు పీల్చి, ఎండకాలం దాకా దాచి, ఇనుముకు చెమ్మను అందిస్తూనే ఉంటుంది. తడిగుడ్డ చుట్టి పెట్టినట్టే.

ఒక చిన్న ప్రయోగం

సిల్లులో రెండడుగుల రేకు పోతే ఏమవుతుంది? తరగతిలో అడిగితే "కొంచెం బలం తగ్గుతుంది" అంటారు. ఎంత కొంచెం? డ్రాయింగు కాగితాన్ని గొట్టంగా చుట్టి అంచులు పొడవునా జిగురు టేపుతో అంటించండి. రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పండి. తిరగదు. ఇప్పుడు అంటించిన చోట బ్లేడుతో పొడవునా కోసి మళ్లీ మెలితిప్పండి. తడిబట్టలా తిరుగుతుంది. ఒక్క గ్రాము కాగితం కూడా తీయలేదు, కోత మాత్రమే పెట్టాం.

లెక్క ఇది. పల్చని గుండ్రటి గొట్టం మూసి ఉన్నప్పుడు మెలికను తట్టుకునే గుణకం 2πr³t. అదే గొట్టం చీలితే 2πrt³/3. రెంటి నిష్పత్తి 3(r/t)². వ్యాసార్ధం 40 మి.మీ., మందం 1 మి.మీ. అనుకుంటే 3 × 1600 = 4800. అంటే చీలిన గొట్టం 4,800 రెట్లు మెత్తబడింది. సిల్లు గుండ్రంగా ఉండదు, పొడవునా చీలలేదు కూడా. కాబట్టి ఈ అంకె యథాతథంగా దానికి వర్తించదు. కాని మూసిన పెట్టె విరిగితే "కొంచెం" బలం తగ్గదని మాత్రం తెలుస్తుంది. మేము జాకీని ముందు చక్రం వెనకాల పెట్టి మెల్లగా ఎత్తితే తలుపుకూ ఒంటికీ మధ్య సందు పైన సన్నబడి, కింద పెరిగింది. తలుపు తెరవబోతే పట్టేసింది. కారు నడుము వంగుతోందన్నమాట. ఇట్లాంటి కారులోనే నేను పెళ్లికొడుకును కూర్చోబెట్టి ఊరేగించాను.

మరమ్మతు క్రమం

మేము పాటించిన వరస ఇది. కారును నాలుగు చోట్ల సమంగా నిలబెట్టి, మూల నుంచి మూలకు ఐమూలగా కొలిచి, రెండు కొలతలూ సరిపోయేదాకా సర్దాం. తలుపు సందు నిలిచేలా లోపల తాత్కాలికంగా ఇనుప కడ్డీలు బిగించాం. ఆ తర్వాతే కుళ్లిన రేకు కోశాం. కొలవకుండా కోసి అతికితే కారు వంకరగా అతుకుతుంది, ఆ వంకర జన్మలో పోదు. మెరిసే ఇనుము తగిలేదాకా కోసి, అదే మందం రేకును అదే ఆకారంలో వంచి వెల్డింగు చేయించాం. ఒక్కసారిగా పొడవునా కాల్చకుండా అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క పెట్టించాం, వేడికి రేకు ముడతపడకుండా. మొదలుపెట్టేముందు బ్యాటరీ తీసేసి, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాం. ఖాళీ ట్యాంకుకు వెల్డింగు చేయడమంటే బాంబుకు నిప్పు పెట్టడమే. ఎవరు చెప్పినా చేయొద్దు. అతుకు పనయ్యాక లోపలివైపు జింకు ప్రైమరు, మైనం పూత పెట్టి, నీరు పోయే తూములు తెరిచి ఉంచాం.

ఇంకో జాగ్రత్త ఉంది. మొయినాబాదు, చేవెళ్ల నేల మామూలు నేల కాదు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ మండలాల వాన నీరు పోయేది వాటిలోకే. ఆ నీటిని కాపాడడానికే 1996లో జీవో 111 వచ్చింది. దాని మీద తర్వాత ఎన్ని వాదాలు నడిచినా నీరు పల్లానికే పారుతుంది. పాత ఆయిలు, రంగు ఊడదీసే మందు, బ్యాటరీ ఆమ్లం తోటలో ఒంపేస్తే చివరికి ఎవరి గ్లాసులో తేలుతుందో ఆలోచించాలి. మేము అన్నీ డబ్బాల్లో పట్టి పట్నం తీసుకొచ్చి, పాత ఆయిలు కొనడానికి అనుమతి ఉన్నవాళ్లకే ఇచ్చాం.

బ్రేకు లెక్క

మా బృందంలో ఒకమ్మాయి తాండూరు వైపు నుంచి వస్తుంది. ఇరువైపులా మర్రిమానులు గొడుగు పట్టిన ఆ చేవెళ్ల రోడ్డు ఎంత అందమో, ఎంత ఇరుకో ఆమెకు తెలుసు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొన్న ఘోరం తర్వాత వారం రోజులు ఆమె షెడ్డుకు రాలేదు. వచ్చాక బ్రేకుల పని తానే చేస్తానంది.

లెక్క ఆమే వేసింది. గంటకు 60 కి.మీ. అంటే సెకనుకు 16.7 మీటర్లు. మంచి బ్రేకులు, పొడి రోడ్డు, ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే ఆగడానికి 20 మీటర్లు కావాలి. బ్రేకులు సగమే పట్టినా, 0.35 అనుకుంటే, 40 మీటర్లు. కాలు బ్రేకు మీదికి రావడానికి ఒక సెకను పడుతుంది గనుక రెంటికీ మరో 17 కలపాలి. అంటే 37 మీటర్లలో ఆగాల్సింది 57 మీటర్లకు ఆగుతుంది. ఆ ఇరవై మీటర్లలో ఏముంటుందో మన చేతిలో లేదు. బ్రేకు ద్రవం గాలిలోని చెమ్మను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, చెమ్మ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడలు నేలకంటుతుంది. మా కారులో ఆ ద్రవం బెల్లంపాకంలా ఉంది. గొట్టాలు, సీళ్లు, సిలిండర్లు అన్నీ మార్చాం. కొన్ని రాణిగంజులో దొరికాయి, కొన్ని బయటి దేశాల నుంచి తెప్పించాం.

కంపెనీలు సైతం తమ పాత కార్ల వైపు తిరిగి చూస్తున్నాయి. నిస్సాన్ వాళ్లు తొంభైల చివర్లో అమెరికాలో పాత 240జెడ్ కార్లను తామే బాగుచేసి అమ్మారు. మాజ్దా తన మొదటి రోడ్‌స్టరుకు 2017లో అటువంటి సేవే ప్రకటించింది. టొయోటా 2020లో పాత సుప్రా, 2000జీటీ కార్ల భాగాలు మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. మా సెలికా ఆ జాబితాలో లేదు. మా పాట్లు మావే.

అత్తమ్మకు ఇచ్చిన నివేదిక

ఖర్చును మూడు వరసలుగా రాశాం. చేసి తీరాల్సినవి: సిల్లులు, బ్రేకులు, ఇంధనపు గొట్టాలు, టైర్లు. చేస్తే మంచివి: మూడో సిలిండరు రింగులు, తీగలు. తర్వాత చూసుకోదగ్గవి: రంగు, సీట్లు, మెరుపు పట్టీలు. 1996లో నేను మూడో వరస ముందు చేయించి, మొదటి వరసను మరిచాను.

ఆ కాగితం తీసుకుని అత్తమ్మ దగ్గరికి వెళ్లాను. పేపరు ఉండ కూడా పట్టుకెళ్లాను. జరిగింది చెప్పాను. ఆమె ఆ పేపరును కాసేపు తిప్పి చూసింది.

"మీ మామకు ఎరికే బిడ్డా. పొక్కులు లేసినంక ఆయన స్క్రూడ్రైవరుతోని పొడిచి చూసిండు. కాగితం బయటికొచ్చింది. పోరడు బాధపడతడు, చెప్పకు అన్నడు. అందుకే తోటల పెట్టిండు."

నాకు మాట రాలేదు. ఆమె మళ్లీ అడిగింది. "ఇప్పుడు నడుస్తదా?"

"ఇప్పుడు నడపొద్దు అత్తమ్మా. ఎడమ సిల్లు అయింది, కుడిది సగమే అయింది. ఇంజను మాత్రం తిరుగుతది. పాత ఇనుము కింద మాత్రం ఇయ్యొద్దు."

"అయితె ఉండనీ. తీరుబడిగ చెయ్యుండ్రి. ఈసారి నువ్వు చూడు" అంది.

డిసెంబరు చివర్లో ఒక ఆదివారం ఇంజను నాలుగు నిమిషాలు తిరిగింది. మూడో సిలిండరు తడబడింది, పొగ వచ్చింది, అయినా తిరిగింది. అత్తమ్మ ఎడమవైపు సీటులో, తన పాత చోటులో, కూర్చుని చూసింది. కారు ఇంకా బూడిదరంగు ప్రైమరులోనే ఉంది. కుడి సిల్లు, వెనక చక్రాల గూళ్లు, తీగల పని మిగిలాయి. రంగు సంగతి అడగొద్దని పిల్లలకు చెప్పాను.

పనిపుస్తకం మా వర్కుషాపులో ఉంటుంది. ఏ రోజు ఏం విప్పాం, ఏం కొలిచాం, ఎక్కడ పొరపడ్డాం అన్నీ అందులో ఉన్నాయి. ప్రతి పేజీ కింద చూసినవాడి సంతకం ఉంటుంది. నేను పెట్టిన నియమం ఒకటే, కళ్లతో చూడనిదాని కింద సంతకం పెట్టకూడదు. వచ్చే బ్యాచి వాళ్లలో ఆసక్తి ఉన్నవారు ఆదివారం ఉదయం మొయినాబాదు బస్టాపు దగ్గర కలవవచ్చు. పాత బట్టలు వేసుకుని రండి, మిల్లీమీటరు పానాలు మా దగ్గరున్నాయి.